కలాయి పోయిన గిన్నె

ఎలక్ట్రాన్ దూకడాన్ని తాండూరులో కళ్లారా చూసిన మొదటి మనిషిని నేనే. ఈ మాట పెళ్లిళ్లలో, రైళ్లలో ఎంతమందికి చెప్పానో గుర్తు లేదు. అబద్ధం. నేను చూసింది ఉత్త చీకటిని.

ఎనభైల మొదట్లో నాకు వికారాబాద్‌లో ఇల్లు, తాండూరు కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు, హైదరాబాదులో పీహెచ్‌డీ గైడు. పీహెచ్‌డీకి ఇచ్చిన గడువులో ఒక్క ఏడాదే మిగిలింది. నా అణువును నేనే గీసుకున్నాను. ఒక చివర పోర్ఫిరిన్, నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టం. రెండో చివర ఎలక్ట్రాన్‌ను లాక్కునే క్వినోన్. మధ్యలో కార్బన్ గొలుసు. అతినీలలోహిత దీపం కింద పోర్ఫిరిన్ ఎర్రగా మెరుస్తుంది. ఎలక్ట్రాన్ గొలుసు దాటి అవతలికి పోతే ఆ మెరుపు తగ్గుతుంది. గొలుసు పొడవును బట్టి ఎంత తగ్గుతుందో చూడటమే నా పని.

అణువు తయారు కావాలంటే సరుకును ఆమ్లంలో కాచాలి. ఉన్న ఒక్క పెద్ద గాజు గిన్నె పగిలింది. కాలేజీ ల్యాబ్ బీరువాలో రాగి గిన్నె దొరికింది. ల్యాబ్ అటెండర్ నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, అందరికీ చాచా. దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు.

“సార్, అడుగున కలాయి పూత పోయింది. పులుపు పోస్తే రాగి దిగుతది. జర ఆగుండ్రి, బజార్ల పూయించుకొస్త.”

“నేను కాచేది చింతపండు పులుసు కాదు చాచా.”

“ఏదైతేంది సార్, పులుపు పులుపే గద.”

ఆగలేదు. సరుకు రంగు కాస్త మారింది, పట్టించుకోలేదు. దీపం కింద పెడితే మెరుపు పూర్తిగా చచ్చింది. పొట్టి గొలుసుదీ అంతే, పొడుగు గొలుసుదీ అంతే. నా ఎలక్ట్రాన్ ఎంత దూరమైనా దూకుతుందని గైడుకు ఉత్తరం రాసి, ఇంటికి జిలేబీ కట్టించుకుపోయాను.

గైడు ఒక్కటే అడిగారు, క్వినోన్ తగిలించని పోర్ఫిరిన్ తెమ్మని. తీసుకుపోయాను, అదే గిన్నెలో కాచినది. అదీ మెరవలేదు.

“దీంట్లో ఎలక్ట్రాన్‌ను లాక్కునేదే లేదు. మరి మెరుపు ఏమైంది?” ఆయన గొంతు పెంచలేదు. “రాగి ఎక్కిందయ్యా. రాగి ఎక్కిన పోర్ఫిరిన్ మెరవదు. కాచింది రాగి గిన్నెలోనా? అది ఎవరు పెట్టారు?”

డిగ్రీ పోయినట్టే అనిపించింది.

“అటెండరండీ. నాకు చెప్పకుండా.”

ఆయన మా ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశారు. నాకు మరో ఏడాది గడువు దొరికింది. చాచాది టెంపరరీ ఉద్యోగం, ఆ నెలతో రావద్దన్నారు. చాచా కోసం ప్రిన్సిపాల్‌తో పోట్లాడానని తర్వాత చాలామందికి చెప్పాను. పోట్లాడలేదు. చాచా తాళాలు అప్పజెప్పే వేళకు స్టాఫ్ రూంలో టీ తాగుతున్నాను.

గాజు గిన్నెలో మళ్లీ చేశాను. పొడుగు గొలుసుది బాగా మెరిసింది, పొట్టిది మసకేసింది. డాక్టరునయ్యాను. కొన్నాళ్లకు తాండూరు బస్టాండులో, కరణ్‌కోట బస్సు కోసం నిల్చున్న చాచా కనిపించాడు. బట్టల నిండా నాపరాళ్ల గని పొడి.

“పట్టా వచ్చిందట గద సార్. గాజు గిన్నె దొరికిందా?”

“దొరికింది చాచా.”

“మంచిదైంది. గా రాగిది పారెయ్యకుండ్రి. కలాయి పూస్తే ఇంకా పనికొస్తది.”

బస్సెక్కాడు.

నా థీసిస్ మొదటి పేజీలో గైడుకు, భార్యకు, టైపిస్టుకు, చివరికి నన్ను వేళకు చేర్చిన రైలుకు కూడా కృతజ్ఞతలు రాసుకున్నాను. ఆ రైలు ఒక్కనాడూ వేళకు రాలేదు.