మజ్జిగ కలిపిన చెయ్యి

చెరకు బళ్ళు చోడవరం పంచదార ఫ్యాక్టరీకి వచ్చే రోజుల్లో మా వీధి అరుగు మీద బళ్ళవాళ్ళకి మజ్జిగ పోయడం తాతగారి నాటి ఆచారం. పొలాలు పోయాయి. ముందు గదులు సెల్‌ఫోన్ల దుకాణానికి అద్దెకిచ్చాం. అరుగు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి ఇంటి పెద్ద చేత్తో నలిపి కలపాలి. గరిటె పెడితే కూలికి చేసినట్టుంటుందని నాన్నగారు అనేవారు. అందుకే ఆయన తరవాత నేనే మోచేతి దాకా చెయ్యి ముంచి కలిపేవాణ్ణి.

పోయిన కార్తీకం నుంచి నా భార్యకి కడుపులో మెలిపెట్టే నొప్పి, జిగట విరేచనాలు. మందు వాడితే తగ్గేది, నెల తిరక్కుండా మళ్ళీ మొదలయ్యేది. మనిషి సగమైపోయింది. మూడోసారి నెత్తురు పడేసరికి భయపడి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పేగుల్లో అమీబా అనే క్రిమి చేరిందనీ, కంటికి కనబడదనీ, ఇంట్లోనే ఎక్కడో మళ్ళీ మళ్ళీ అంటుకుంటోందనీ ఆవిడ చెప్పింది. ఇంట్లో ఇంకా ఎవరుంటారని అడిగింది. నేనొక్కణ్ణే అన్నాను. అయితే మీ విరేచనం కూడా పరీక్షకివ్వండి అని చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టింది.

నాకేమీ లేదన్నాను. నిజంగానే లేదు. రాయి తిన్నా అరుగుతుంది. పైగా అది పట్టుకుని, నన్నెరిగిన బజారులో ఎలా నడవను? డబ్బా నాలుగు రోజులు బీరువా మీదే ఉంది.

ఐదో రోజు పొద్దున్న మంచం మీంచే నా భార్య అంది.

"మీ వంశంలో మగాళ్ళకి ఆ పనే ఉండదేటండీ? ఇంకోసారొస్తే నేను లెగలేను. ఇచ్చేయండి."

గుడ్డ సంచిలో పెట్టి, పైన తమలపాకులు కప్పి పట్టుకెళ్ళాను.

నా కాగితంలోనూ అదే పేరు వచ్చింది. కొందరికి ఏ బాధా ఉండదట, కానీ వాళ్ళ చేతుల మీదుగా ఇతరులకు అంటుతుందట. జబ్బు లేనివాడి దగ్గర జబ్బెలా ఉంటుంది? నా నుంచి నా భార్యకా, తన నుంచి నాకా? అది చెప్పలేనంది డాక్టరమ్మ. చేతులు సబ్బుతో కడుగుతారా అని మాత్రం అడిగింది. మూడు చెంబుల నీళ్ళతో కడుగుతానన్నాను. ఆవిడ ఇద్దరికీ మందులు రాసింది.

మర్నాడు అరుగు మీద మజ్జిగ కుండ పెట్టలేదు. బుచ్చయ్యపేట నుంచి ఏళ్ళ తరబడి చెరకు తోలుతున్న ముసలి రైతు ఒకడు అలవాటుగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పాలు విరిగాయని చెప్పొచ్చు. ఎందుకో ఆ అబద్ధానికి నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

అతను తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"అయితే మొన్న మాఘంలో నాకయినదీ అదేనేటి బాబూ? నేను రేగుపళ్ళు తినడం వల్లననుకున్నాను."

కోపం లేదు ఆ మాటలో. తెలుసుకోవాలని అడిగాడంతే. నాకు తెలీదన్నాను. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను రా అన్నాను. ఫ్యాక్టరీలో బండి ఖాళీ చేసుకొచ్చేస్తానన్నాడు.

మందులతో నా భార్య తేరుకుంది. నెల దాటినా నొప్పి మళ్ళీ రాలేదు. ఆ రైతు వస్తానన్న రోజు మాత్రం పొద్దు వాలే దాకా అరుగు మీదే కూర్చున్నాను. ఖాళీ బళ్ళు చాలానే పోయాయి. అతను వేరే దారిన వెళ్ళిపోయాడో, నా ముందు నుంచే పోతే నేను పోల్చుకోలేదో, ఇప్పటికీ తెలీదు.