ఇబ్రహీంపట్నం దగ్గర ఎర్ర బండిని సాగనంపిన రోజు

నా చిన్న కారు వర్క్‌షాపులో చేరి నెల దాటింది. స్టీరింగుకు సంబంధించిన ఏదో భాగం రావాలట. ఎప్పుడొస్తుందని అడిగితే అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ చిరాకులో ఉండగానే సలోమి ఫోన్ చేసింది. నాకు ఆ కారు అమ్మిన అమ్మాయి ఆమె. వాళ్లది మహేశ్వరం పక్క ఊరు, ఇబ్రహీంపట్నం దగ్గర సాగర్ రోడ్డు మీదున్న షోరూంలో పని. "అక్కా, ఎర్ర బండిని శనివారం తీస్కపోతున్రు. చూడాల్నంటే రా," అంది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

ఎర్ర బండి అంటే ఆ కంపెనీ తయారుచేసే కార్లన్నిటిలోకి ఖరీదైన స్పోర్ట్స్ కారు. కొన్నేళ్ల క్రితం నాగార్జునసాగర్ నుంచి తిరిగొస్తుంటే షోరూం అద్దాల వెనక అది కనిపించి ఆగిపోయాను. కొనే స్తోమత నాకు లేదు. ఊరికే దాని చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యి వేసి చూసి, పక్కనే నిలబెట్టిన చిన్న కారును బుక్ చేసి బయటపడ్డాను. రెండింటి ముందూ ఒకటే కంపెనీ గుర్తు. ఆ రోజు నన్ను ఒప్పించింది ఆ గుర్తే. అందుకే ఎర్ర బండిని ఆఖరిసారి చూసి రావాలనిపించింది. కార్ల మీద ఇష్టంతో ఇటువైపు రావాలనుకునేవారికి పనికొస్తుందని దారి వివరాలు కూడా రాస్తున్నాను.

నగరం నుంచి అయితే ఎల్బీనగర్ దగ్గర సాగర్ రింగ్ రోడ్డు చౌరస్తాలో నిలబడితే చాలు, ఇబ్రహీంపట్నం బస్సులు వరసగా వస్తాయి. నేను శనివారం పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉంచుకోవాలి. మబ్బు పట్టి, వాన పడకుండా ఉక్కపోసే రోజు. ఎక్కడ దిగాలో కండక్టరుకు చెప్పడానికి తంటాలు పడ్డాను. "శేరిగూడ దాటినంక ఒక కార్ల షోరూం ఉంటది గదా అక్కా..." అంటుంటే ఆమె మధ్యలోనే అందుకుంది.

"ఎర్ర బండి షోరూమా? గట్ల చెప్పు. గా పేరు చెప్తే అందరికీ ఎరికే."

కంపెనీ పేరు ఆమెకు తెలియదు. నేను చెప్పినా తల అడ్డంగా ఊపింది. తుర్కయంజాల్, మన్నెగూడ, బొంగ్లూరు దాటుతూ కిటికీలోంచి చూస్తుంటే, రోడ్డుకు రెండు వైపులా వెంచర్ల జెండాలు గాలి లేక కర్రలకు అతుక్కుని వేలాడుతున్నాయి. ఎక్కిన గంటకు కొంచెం అటూ ఇటుగా దిగాను.

షోరూం ఎదురుగా ఒక ఛాయ్ బండి ఉంది. నడిపేది ఒక నడివయసు ఆవిడ. వేడి మిర్చి బజ్జీలు, ఛాయ్ కలిపి ముప్పై రూపాయలు తీసుకుంది. నేను అద్దాల వైపే చూస్తుండటం గమనించి, "నువ్వు గూడ ఫోటో దిగనీకేనా?" అంది.

"అవ్. ఇయ్యాల తీస్కపోతున్రంట గదా."

"పొద్దుగాల్నుంచి నలుగురైదుగురు వచ్చి పోయిన్రు. ఆదివారమొస్తె పిల్లగాండ్లను ఎత్తుకొని వచ్చేటోళ్లు, గా బండిని చూసి ఈడ ఛాయ్ తాగి పోయేటోళ్లు. గది పోతే ఇగ ఈడ ఎవలాగుతరు?" అని మూకుడులో గరిటె తిప్పింది.

లోపల ఏసీ ఆపేసి ఉంది. ఎర్ర బండి ఎప్పటి చోటే ఉంది గానీ, పైనున్న దీపాలు వెలగటం లేదు. సలోమి తెల్లటి గుడ్డతో దాని బానెట్ తుడుస్తోంది. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది.

"ఇన్నేండ్లల్ల ఒక్కరన్న కొన్నరా సలోమీ?" అడిగాను.

"ఒక్కలు గూడ కొనలే అక్కా. పైనోళ్లు గదే అంటున్రు. అమ్ముడుపోని బండికి గంత జాగ ఎందుకు, గంత ఖర్చెందుకని. ఇగ మీదికెళ్లి చిన్న బండ్లే అమ్ముతరంట." గుడ్డ మడతపెట్టి మళ్లీ విప్పింది. "కానీ నేను అమ్మిన ప్రతి చిన్న బండి దీని పక్కన నిలబడే అమ్మిన. గది రాసుకునేటందుకు వాళ్ల కాయిదంల జాగ లేదు."

కార్ల వ్యాపారంలో ఇలాంటి బండిని హేలో కారు అంటారు. హేలో అంటే పటాల్లో దేవుళ్ల తల వెనక కనిపించే వెలుగు. పెద్ద కారు వెలుగు చిన్న కార్ల మీద కూడా పడుతుందని కంపెనీల ఆశ. ఈ మాటలు నేను ఎప్పుడో చదివాను. ఆ వెలుగు ఎలా పడుతుందో, ఎలా ఆరిపోతుందో మాత్రం ఆ రోజే కళ్లారా చూశాను.

పదకొండు దాటాక ఆటోలోంచి ఒక జంట దిగింది. ఆయన పేరు యాదయ్య, మహేశ్వరం దగ్గర కూరగాయల నారు పెంచి అమ్ముతారు. ఆవిడ అండాలమ్మ. వాళ్లు బుక్ చేసుకున్న తెల్ల చిన్న కారు తీసుకెళ్లే రోజది. అద్దానికి రిబ్బను కట్టి కారును ముందు నిలబెట్టారు. అండాలమ్మ సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు ఉన్నాయి. వారం తర్వాత రమ్మంటే మంచిరోజు ఇదేనని యాదయ్య పట్టుబట్టారట. రెండు పనులూ ఒకే రోజు పడినందుకు సలోమి భయపడుతూనే ఉంది. ఎర్ర బండిని తీసుకెళ్లే ట్రక్కు సాయంత్రం వస్తుందని చెప్పడంతో కొంచెం ధైర్యం తెచ్చుకుంది.

యాదయ్య ముందు తన కారు దగ్గరికి పోలేదు. నేరుగా ఎర్ర బండి దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"మా తమ్ముడు వేరే కంపెనీది తీస్కొమ్మన్నడు," అన్నారు నాతో. "నేనే వద్దన్న. గిసొంటి బండి చేసిన చెయ్యి, మన చిన్న బండిని పాడుగ చేస్తదా? నారు సంగతి గూడ గంతే. ఒక్క మడి చూస్తే రైతు నమ్ముతడు."

అప్పుడే బయట ట్రక్కు హారను మోగింది. డ్రైవరు దిగి, మళ్లీ వేరే ఊరికి పోవాలి, ఇప్పుడే ఎక్కించాలన్నాడు. సలోమి బతిమాలింది. "జర ఒక్క గంట ఆగన్నా, కస్టమర్లున్నరు." అతను వినలేదు. చివరికి ఆమె తాళం తెచ్చి ఎర్ర బండి స్టార్ట్ చేయబోతే చప్పుడే లేదు. చాలాకాలంగా నిలబెట్టి ఉంచడంతో బ్యాటరీ చచ్చిపోయింది. వేరే బ్యాటరీ నుంచి జంపర్ తీగలు తగిలించినా లాభం లేకపోయింది. ట్రక్కుకు లాగే గొలుసు ఉంది గానీ గుమ్మం దాకా అది అందదు. మనుషులే నెట్టాలి.

ఇద్దరు మెకానిక్‌లు, వాచ్‌మన్, డ్రైవరు చేతులు వేశారు. బండి కదల్లేదు. "పెద్దాయనా, నువ్వు గూడ ఓ చెయ్యి ఎయ్యి," అన్నాడు డ్రైవరు. యాదయ్య భుజం మీది తువ్వాల తీసి భార్యకిచ్చి, వచ్చి నెట్టారు. నేనూ వెళ్లాను. మా అరచేతుల కింద ఆ ఎర్ర రంగు చల్లగా, నున్నగా ఉంది. టైర్లు నేల పలకల మీద కిర్రుమంటూ కదిలాయి. గుమ్మం దాటాక గొలుసు తగిలించి దాన్ని ముసలి ఎద్దును లాగినట్టు ట్రక్కు పైకి లాగారు. రోడ్డు మీద ఆగిన బైకుల వాళ్లు ఫోన్లు తీశారు. "వీడియో తియ్యకుండ్రి అన్నా, దండం పెడ్త," అంటూ సలోమి ఒక్కొక్కరి ముందుకూ వెళ్లింది. ఎవరూ ఆపలేదు.

ట్రక్కు వెళ్లిపోయాక యాదయ్య చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. రిబ్బను కట్టిన తెల్ల కారును చాలాసేపు చూశారు.

"బిడ్డా, గంత పెద్ద బండే ఆగితే మనం నూకినం. రేపు నాది ఆగితే ఎవలు నూకుతరు?"

"సర్వీసు ఉంటది బాపూ," అంది సలోమి.

ఆయన నా వైపు తిరిగారు. "నీది గూడ ఇదే కంపెనీ బండని ఈ బిడ్డ చెప్పింది గదమ్మా. ఎట్లున్నది?"

సలోమి నాకు రెండడుగుల దూరంలో ఉంది. నా వైపు చూడకుండా నేల చూస్తోంది. ఆ అమ్మకం జరగడం ఆమెకు ఎంత అవసరమో నాకు తెలుసు. ఆ షోరూం ఎన్నాళ్లుంటుందో ఆమెకే తెలియదని పొద్దున చెప్పింది.

"నడిచినన్ని దినాలు మంచిగ నడిచింది," అన్నాను. "ఇప్పుడు వర్క్‌షాపుల ఉన్నది. ఒక పార్టు దొరుకుతలేదు. నెల దాటింది."

యాదయ్య తలూపారు. కోప్పడలేదు, గొంతు పెంచలేదు. "ఇంకోసారి ఆలోచన చేస్తం బిడ్డా, ఫికర్ జెయ్యకు," అని సలోమి తల మీద చెయ్యి వేసి బయటికి నడిచారు. అండాలమ్మ పసుపు, కుంకుమ పొట్లాలు తిరిగి సంచిలో పెట్టుకుంది. కొబ్బరికాయ కొట్టకుండానే వెళ్లిపోయారు.

సలోమి రిబ్బను విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా పడి ఉంది. నేను సాయం చేయబోతే వద్దంది. కొంతసేపటికి, చూపు తిప్పకుండానే, "నువ్వు అబద్ధం చెప్తే మంచిగుండునని ఒక్క నిమిషం అనుకున్న అక్కా," అంది.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కూడా చూసి రావాలనుకున్న ఆలోచన మానుకుని, ఎదురు బస్సెక్కి మూడింటికల్లా ఇల్లు చేరాను.

ఎర్ర బండిని ఎవరూ కొనలేదన్నది నిజమే. కానీ అండాలమ్మ సంచిలోని కొబ్బరికాయ, కండక్టరు చెప్పిన గుర్తు, ఆదివారం పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన తండ్రులు, ఇదంతా దాని వల్ల వచ్చిందే. అలాంటి బండి నిలబడి ఉన్నంతకాలం, దాన్ని చేసినవాళ్లు ఎక్కడికీ పోరన్న భరోసా మనకు ఉంటుంది. దాన్ని నెట్టుకుంటూ బయటికి పంపిన రోజు ఆ భరోసా కూడా వెళ్లిపోతుంది. నా కారు ఇంకా వర్క్‌షాపులోనే ఉంది. సలోమికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

కారు కొనాలనుకునేవారికి ఒక్క సలహా. అద్దాల వెనకున్న పెద్ద కారును తనివితీరా చూడండి. ఆ తర్వాత సర్వీసు షెడ్డుకు వెళ్లి, అక్కడ ఎదురుచూస్తున్న వాళ్లలో ఒకరిని బండి ఎలా ఉందని అడగండి. అడిగేటప్పుడు మాత్రం, దాన్ని అమ్మిన మనిషి పక్కన లేకుండా చూసుకోండి.