తాండూరు గోడ మీద ఖాళీ ఫ్రేము

తాండూరులో మా అక్కవాళ్ల ముందుగదిలో నాలుగు నెలల పాటు ఒక ఫోటో ఫ్రేము వేలాడింది. టేకు చెక్క, బంగారు రంగు అంచు, మందపాటి అద్దం. లోపల మాత్రం ఏమీ లేదు. అయినా దాన్ని చూడడానికి కొడంగల్ నుంచి కూడా బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. ఆ ఖాళీని అంత శ్రద్ధగా, అంత పద్ధతిగా తయారుచేసినవాణ్ని నేనే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మధ్యలో నా మీద జాలి కలిగితే కాస్త ఆపుకోండి. చివరిదాకా చదివాక మీరే వెనక్కి తీసుకుంటారు.

నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగమంతా గడిపి, రిటైరై వికారాబాద్‌లో స్థిరపడ్డాను. నాకు రెండు అలవాట్లున్నాయి. ఈ కథంతా వాటి మీదే నిలబడింది కాబట్టి గుర్తుపెట్టుకోండి.

మొదటిది డైరీ. పదహారో ఏట మొదలుపెట్టాను, ఒక్కరోజు మానలేదు. రాసిన విషయాన్ని మళ్లీ బుర్రలో మోయకూడదన్నది నా సిద్ధాంతం. డైరీ ఉన్నది అందుకే. మా ఆవిడ అనసూయ "నిన్న ఏం కూర తిన్నరో చెప్పండి" అని అడిగితే, "రాసిపెట్టాను" అంటాను. ఆ జవాబుకు ఆమె ఎందుకు తల పట్టుకుంటుందో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

రెండోది కవర్లు. ఉద్యోగంలో దొంగ తూకపు రాయి దొరికితే దాన్ని కవర్లో పెట్టి, లక్కతో సీలు వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకునేవాణ్ని. ఉద్యోగం పోయింది, లక్క మిగిలింది. మా ఇంట్లో బీరగింజలు కూడా సీలు వేసిన కవర్లోనే ఉంటాయి.

ఇక అసలు సంగతి. యాభై నాలుగేళ్ల కింద మా సులోచనక్క పెళ్లికి ఒక ఫోటోగ్రాఫర్ వచ్చాడు. తలంబ్రాల దగ్గర, అప్పగింతల దగ్గర మెరుపులు మెరిపించాడు. మా నాన్న జీవితంలో మొదటిసారి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వారం తర్వాత ఆ మనిషి వచ్చి, రీలు ఎక్కించడం మరిచిపోయానని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు. అక్కకు పెళ్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ రోజు నుంచి ఆ ఫోటోగ్రాఫర్ కథను ప్రతి పెళ్లిలో, ప్రతి విందులో, నవ్వినా నవ్వకపోయినా చెబుతూ వచ్చాను. ఈ మాట కూడా గుర్తుపెట్టుకోండి.

నాలుగేళ్ల కింద వాళ్ల యాభయ్యో పెళ్లిరోజు వచ్చింది. పిల్లలు మళ్లీ దండలు మార్పించాలనుకున్నారు. అక్కకు ఒకటే కోరిక.

"ఒక్క ఫోటో గావాలె తమ్మీ. గోడకు పెట్టుకుంట. స్టూడియో ఆయనకు చెప్పిన, ఒస్తా అన్నడు."

"వద్దని చెప్పక్కా. ఒకసారి బయటోన్ని నమ్మి మునిగినం."

"మునిగింది మేము," అన్నాడు బావ. "నువ్వు అప్పుడు లడ్డూలు తింటున్నవ్."

బావ రాజిరెడ్డికి తాండూరులో పప్పు మిల్లు ఉంది. ఏ విషయమైనా ఆయన కందుల లెక్కనే అర్థం చేసుకుంటాడు. నేను పట్టు వదలకుండా స్టూడియో ఆయనకు స్వయంగా ఫోన్ చేసి రావద్దన్నాను. ఆ తర్వాత హైదరాబాద్ వెళ్లి కెమెరా కొన్నాను.

"ఈ మోడల్ మార్కెట్లోకి వచ్చి వారమే అయింది సార్," అన్నాడు షాపతను. అది హెచ్చరిక అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు పొగడ్తలా వినిపించింది. ముడి ఫైలుగా తీస్తే ఫోటో దివ్యంగా ఉంటుందనీ, దాన్ని కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో తెరిచి రంగులు సరిచేసుకోవచ్చనీ చెప్పాడు. కెమెరాను తనే అమర్చి ఇచ్చాడు. ఇంకా చాలా చెప్పాడు. అన్నీ డైరీలో రాసుకున్నాను. రాసుకున్నాను కాబట్టి, పైన చెప్పిన సిద్ధాంతం ప్రకారం, మరిచిపోయాను.

పెళ్లిరోజు నాడు గుమ్మం దగ్గర స్టీలు బేసిను పెట్టి, వచ్చినవాళ్ల ఫోన్లన్నీ అందులో వేయించాను. అందరూ ఫోన్లు పైకెత్తితే నా ఫోటోలో చేతులు తప్ప మొహాలు పడవు. ఒక్కో ఫోనుకు చీటీ కట్టి పేరు రాశాను.

"ఇది పెండ్లిరోజా, పరీక్ష హాలా?" అన్నాడు బావ.

"ఒక్క ఫోటో గూడ చెడిపోవద్దు బావా."

చెడిపోలేదు. దండలు వేసుకుని ఇద్దరూ నిలబడ్డారు. బావకు ఫోటో అంటే మొహం బిగుసుకుపోతుంది, బిల్లు పట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉంటాడు. ఆ క్షణాన అక్క ఆయన చెవిలో ఏదో చెప్పింది. బావ నోరంతా తెరిచి నవ్వాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నొక్కాను. ఇంతకంటే మంచి ఫోటో నా చేతుల మీదుగా రాలేదు, ఇక రాదు.

అక్కడికక్కడే ఫ్రేము కొలత ఇచ్చాను. ఇరవై అంగుళాలు, ముప్పై అంగుళాలు. వరండాలో కూర్చుని సామాను పద్ధతి ప్రకారం సర్ది, కవర్లు అంటించి, సాయంత్రం బండికి వికారాబాద్ వచ్చి డైరీ రాశాను. ఫ్రేము మూడో రోజే తయారై తాండూరు గోడ ఎక్కింది.

నాలుగో రోజు కెమెరా మెమరీ కార్డును కంప్యూటర్‌లో పెట్టాను. ఈ ఫైలును గుర్తించలేకపోతున్నాం అని వచ్చింది. తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. మళ్లీ గుర్తించలేదు. మా మేనకోడలు సరిత తాండూరులోనే స్కూలు టీచరు. ఆమెకు ఫోన్ చేశాను.

"మామా, నీ కెమెరా మరీ కొత్తది. సాఫ్ట్‌వేరోళ్లు దాన్ని ఇంక చేర్చలే. అప్‌డేట్ రావాలె."

"ఎప్పుడొస్తది?"

"వాళ్లకే తెల్వాలె."

"కెమెరా ఎనకాల అద్దంల మంచిగ కనపడుతున్నది గద బిడ్డా! గంత చిన్న డబ్బకు తెలిసింది గింత పెద్ద కంప్యూటర్‌కు తెల్వదా?"

కెమెరా కంపెనీవాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ ఒకటుంటుందంది సరిత. అది నా పాత కంప్యూటర్‌లో ఎక్కనని మొరాయించింది. సరిత ల్యాప్‌టాప్ దాన్ని ఎక్కించుకుని, అక్కడే నిద్రపోయింది.

బావకు నేను స్వయంగా వెళ్లి వివరించాను. ఆయన సాంతం విని, "అంటే నువ్వు కందులు తెచ్చినవ్. పప్పు చేసే మిల్లు లేదు," అన్నాడు.

"అట్లనే అనుకో."

"మా మిల్లుకు కందులు తెస్తే సాయంత్రానికి పప్పు చేసి ఇస్త. మీ మిల్లు యాడుంది?"

"ఇంక కడుతున్నరు బావా."

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఉత్తరం రాశాను. ప్రతి సోమవారం ఇంకొకటి రాశాను. ప్రతిదాని తలమీద, దీనికి ముందు రాసిన నా లేఖలు చూడగలరు అని పెట్టాను. ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చేది: మీ ఓపికకు కృతజ్ఞతలు. నాకు ఓపిక ఉన్నట్టు వాళ్లకెవరు చెప్పారో తెలుసుకోవాలని పదకొండో లేఖలో అడిగాను. మీ ఓపికకు కృతజ్ఞతలు అన్నారు.

రెండు వారాలకోసారి కెమెరా సంచి భుజాన వేసుకుని తాండూరు వెళ్లేవాణ్ని. కెమెరా వెనుక ఉన్న చిన్న తెర మీదైనా చూస్తానని అక్క అడిగేది. ఆమె కళ్లలో శుక్లాలు.

"గీ పచ్చగున్నది నేనా, మీ బావనా?"

"అది అరటి పిలక అక్కా. నువ్వు ఇటుపక్క."

"మరి నేనేంది గింతున్న?"

సరిత ఆ తెరను తన ఫోన్‌తో ఫోటో తీసింది. అందులో అద్దం మీద పడ్డ నా ముక్కు చాలా స్పష్టంగా వచ్చింది. అక్కాబావలు ముక్కు వెనుక ఎక్కడో ఉన్నారు.

ఈలోగా ఫ్రేముకు పేరొచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా బావ దాని ముందు నిలబెట్టేవాడు.

"మా బామ్మర్ది తీసిన ఫోటో. మస్తుగొచ్చింది."

"ఏం కనపడ్తలేదు పటేలా!"

"జర దూరం జరిగి చూడు."

ఆ మనిషి దూరం జరిగి చూసేవాడు. అద్దంలో తన మొహం కనపడేది.

"ఇప్పుడు?"

"నేనే కనపడుతున్న."

"అప్‌డేట్ వస్తే మేము కనపడుతం. ఫికర్ చెయ్యకు, కూసో, టీ తాగు."

రెండో నెలలో ఫ్రేము వెనుక బల్లి కాపురం పెట్టింది. మూడో నెలలో, యాభై ఏళ్లుగా నేను చెబుతున్న రీలు లేని ఫోటోగ్రాఫర్ కథను బావ చెప్పడం మొదలుపెట్టాడు. మొదట ఆ ఫోటోగ్రాఫర్ కథ చెప్పి, తర్వాత నా కథ చెప్పి, "ఆ మనిషి నయం, వారంల ఒచ్చి ఒప్పుకున్నడు," అని ముగించేవాడు. జనం నేను చెప్పినప్పటికంటే ఆయన చెబితేనే ఎక్కువ నవ్వేవాళ్లు.

అక్క మాత్రం ఏమీ అనలేదు. అదే నన్ను తినేసింది. గోడ తుడిచేటప్పుడు ఫ్రేమును కూడా తుడిచేది, లోపల ఏదో ఉన్నంత జాగ్రత్తగా.

నాలుగో నెలలో అక్కకు కంటి ఆపరేషన్ అయింది. చూడడానికి బంధువులు వచ్చారు. నేనూ కెమెరా సంచితో, సంచిలో డైరీతో వెళ్లాను. ముందుగది నిండా జనం. అక్క నల్లద్దాలు తీసి గోడకేసి చూసింది.

"ఇగో, ఇప్పుడు కండ్లొచ్చినయ్. ఫోటోనే రాలే." ఆమె నవ్వింది. అందరూ నవ్వారు. తర్వాత నావైపు తిరిగి, "తమ్మీ, ఫోటో ఎప్పుడొస్తే అప్పుడొస్తది గని, ఆ రోజు సంగతి నువ్వు రాసే ఉంటవ్ గద. సదువు. చూడకున్నా చెవులతోనన్న ఇంట," అంది.

అరవై ఆరేళ్ల జీవితంలో నా డైరీ చదవమని అడిగిన మొదటి మనిషి మా అక్క. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చత్వారం అద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఉదయం ఐదున్నరకు లేచాను. తాండూరు బండి పన్నెండు నిమిషాలు ఆలస్యం. ఉప్మాలో ఉప్పు తక్కువ."

"మా ఇంట్లనా?" అంది అక్క.

"మా ఇంట్లనే అక్కా. పదకొండు గంటలకు దండలు మార్చుకున్నారు. బావ దండ ఎడమవైపు కిందికి దిగితే సరిచేశాను. అక్క బావ చెవిలో ఏదో చెప్పింది. బావ నవ్వాడు. ఆ నవ్వును పట్టుకున్నాను."

అక్క కళ్లు మెరిశాయి. ఇంకా గంభీరంగా కొనసాగించాను.

"కార్యక్రమం ముగిశాక కెమెరా నుంచి రెండు కార్డులూ తీశాను. మొదటి కార్డులో ముడి ఫైళ్లు. రెండో కార్డులో, షాపతను అమర్చినట్టే, అవే ఫోటోలు మామూలు రూపంలో పడ్డాయి. ఇవి ఏ కంప్యూటర్‌లోనైనా, టీవీలోనైనా వెంటనే..."

అక్కడ ఆగాను.

"ఆపినవేంది?" అన్నాడు బావ.

"అద్దాలు మసకబారినయ్ బావా."

"సరితా, నువ్వు సదువు."

సరిత డైరీ అందుకుంది. టీచరు కదా, చివరి బెంచీ దాకా వినిపించేలా చదివింది. "...వెంటనే తెరుచుకుంటాయి. ముడి ఫైళ్లు ఉండగా వీటి అవసరం ఎన్నడూ రాదు. అయినా ముందుజాగ్రత్తగా రెండో కార్డును కవర్లో పెట్టి, సీలు వేసి, కెమెరా సంచి లోపలి జేబులో భద్రపరిచాను."

గదిలోని తలలన్నీ ఒక్కసారిగా నా భుజం వైపు తిరిగాయి. సంచి భుజానికే ఉంది. నాలుగు నెలల్లో అది వికారాబాద్ నుంచి తాండూరుకు తొమ్మిదోసారి వచ్చింది.

బావ సంచిని కింది నుంచి పైదాకా చూశాడు. చివరికి, "బామ్మర్దీ, పప్పు మూట సంకల పెట్టుకొని మిల్లు కోసం దేవులాడినవ్," అన్నాడు.

కవరు తీశాను. లక్క సీలు చెక్కుచెదరలేదు. అంటించిన చోట నా సంతకం అందంగా ఉంది. ఆ స్థితిలో కూడా నా నోటి వెంట ఒక మాట వచ్చింది. ఏ దేవుడూ క్షమించని మాట.

"సీలు తెంపాలంటే ఇద్దరు సాక్షులుండాలె."

"ఇల్లు నిండ ఉన్నరు, తెంపు!" అన్నాడు బావ.

సరిత కార్డును పుల్లలాంటి ఏదో రీడరుకు తగిలించి టీవీకి పెట్టింది. పది సెకన్లు పట్టింది. గోడంత టీవీలో మా అక్క, పసుపు పట్టుచీర, కొంగు చాటు నవ్వు. పక్కన నోరంతా తెరిచి బావ. బంతిపూల రేకులు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. అక్క లేచి టీవీ దగ్గరికి వెళ్లి, కొత్త కళ్లతో బావ మొహాన్ని చూసింది. వేలితో తాకింది. నేను ఆ పూట చేసిన ఒక్క మంచి పని ఏమిటంటే, మాట్లాడకుండా నిలబడడం.

కాసేపటికి సరిత అడిగింది. "అమ్మా, అప్పుడు నాయిన చెవిల ఏమన్నవే? గింత నవ్విండు!"

అక్క నావైపు చూసి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమంట? ఈ ఫోటోగ్రాఫర్ రీలు ఎక్కించిండో లేదో జర అడుగు అన్న."

మర్నాడు పొద్దున వికారాబాద్‌లో కంప్యూటర్ తెరిస్తే ఒక సందేశం ఉంది. మీ కెమెరాను మా సాఫ్ట్‌వేర్‌లో చేర్చాం. మీ ఓపికకు కృతజ్ఞతలు.

ఇప్పుడు తాండూరు గోడ మీద రెండు ఫ్రేములున్నాయి. పెద్దదాంట్లో అక్కాబావలు. చిన్నదాంట్లో నా డైరీ పేజీ జిరాక్సు, కింద లక్క ముద్ర. ఇంటికొచ్చినవాళ్లు పెద్దదాన్ని ఒక్క చూపు చూసి, చిన్నదాని ముందు అద్దాలు సర్దుకుని నిలబడతారు. ఇక దూరం జరిగి చూడమని బావ ఎవరికీ చెప్పడం లేదు. దగ్గరికి రమ్మంటున్నాడు.

ఆ సందేశం వచ్చిన రోజే నేను స్నానం చేసి, తూర్పుకు తిరిగి కూర్చుని, అనసూయను సాక్షిగా పెట్టుకుని గట్టి ప్రతిజ్ఞ చేశాను. ఇక మీదట డైరీ రాయడమే కాదు, నెలకొకసారి వెనక్కి తిప్పి చదువుతాను. చదవనిదే ఏ కవరుకూ సీలు వేయను. ఎవరి వాకిట్లోనూ స్టీలు బేసిను పెట్టను. చనిపోయేలోపు ఆ రీలు లేని ఫోటోగ్రాఫర్ కథ మళ్లీ ఎత్తను.

నిన్న అనసూయ, "ఆ ఒట్టు ఏమైంది, నెలనెలా సదువుతున్నరా?" అని అడిగింది.

ఏ ఒట్టని అడిగాను. అంత పెద్ద ప్రతిజ్ఞ చేసి ఉంటే, డైరీలో తప్పకుండా రాసే ఉంటాను.