అట్టపెట్టె మీది మాటలు

మొన్న ఆదివారం మా ఇంటికి కొత్త టీవీ వచ్చింది. బిగించడానికి వచ్చినతను పెట్టె కోసి థర్మాకోలు బయటికి లాగగానే గదంతా ఒక వాసన పరుచుకుంది. కొత్త ప్లాస్టిక్కు, అట్ట, ఎక్కడో కొంచెం నూనె కలిసినట్టుండే వాసన. గోడకు ఎంత ఎత్తులో పెట్టాలో మా ఆయన చూపిస్తుంటే, నేను ఖాళీ పెట్టెను నావైపు తిప్పుకుని దానిమీద అచ్చువేసిన మాటలు చదవడం మొదలుపెట్టాను. తెలియని మాట ఒకటి తగలగానే అక్కడే ఆగిపోయాను. ఇది రాజంపేటలో పట్టుకున్న అలవాటు. పట్టించినావిడ పేరు రాజేశ్వరమ్మ.

మాది కర్ణాటక సరిహద్దున కోసిగి దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయిన ఏడాదికి పెళ్లయి రాజంపేట వచ్చాను. మా ఆయనకు మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఉద్యోగం. పొద్దున వెళ్లిన మనిషి ఒళ్లంతా దుమ్ముతో సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక పని వెతుక్కుంటూ రాజేశ్వరమ్మ అంగడిలో చేరాను. వాళ్లది తరాలుగా స్టీలు సామాన్లు అమ్మే వర్తక కుటుంబం. భర్త పాత్రల అంగడి చూసుకుంటే, పక్క గదిలో ఆవిడ సొంతంగా టీవీలు, డీవీడీ ప్లేయర్లు పెట్టింది. రెండువేల మూడు, నాలుగు సంవత్సరాలవి. కువైట్‌లో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఆ ప్లేయర్లు ముందుగా కనబడ్డాయి, వాటిని చూసి ఊరందరికీ కోరిక పుట్టింది. రాజేశ్వరమ్మకు అప్పుడు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, వాటి పైనుంచి చూసేది.

మొదటి రోజు ఒక కొనుగోలుదారుకు పెట్టె మీదున్నదంతా గడగడా చదివి వినిపించాను. ప్రోగ్రెసివ్ స్కాన్, డిజిటల్ ఆడియో, ఐదు పాయింట్ ఒకటి చానళ్లు. అతను తలూపి, ఆలోచించుకుని వస్తానని వెళ్లిపోయాడు. రాజేశ్వరమ్మ గల్లాపెట్టె దగ్గరనుంచి లేచి వచ్చి ఆ పెట్టెనే తిప్పి చూస్తూ అడిగింది.

“ప్రోగ్రెసివ్ స్కాన్ అంటే ఏంది పాపా?”

నాకు తెలియదన్నాను.

“నాకూ తెల్దు. తెలిసేదాంక ఈ అంగట్లో ఆ మాట మన నోట్లోంచి రాకూడదు. కనుక్కుందాం.”

ఆ ‘కనుక్కుందాం’లో విసుగుగానీ మందలింపుగానీ లేవు. రేపు తిరునాళ్లకు పోదామన్నట్టు అంది. ఏ మాటనైనా ఆవిడ అలాగే పట్టుకునేది. నేను డబ్బును దుడ్లంటే కూడా, ఆ మాట మీ ఊరికి యాడినుంచి వచ్చిందని అడిగింది. కన్నడం అయ్యుంటుందని చెబితే, ఇంకా ఏయే మాటలు వచ్చాయో చెప్పమని మధ్యాహ్నం అంతా కూర్చోబెట్టింది.

నెల తిరిగేలోపు ప్రోగ్రెసివ్ స్కాన్ సంగతి తేలింది. కడపనుంచి సరుకు తెచ్చే ఏజెంటును అడిగి, ప్లేయరుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నాచేత చదివించి, ఆవిడ దాన్ని తనకు అర్థమయ్యేలా మార్చుకుంది. పాత టీవీ బొమ్మను ఒక్కసారిగా గీయదు. ముందు ఒకటి విడిచి ఒకటి గీతలు గీసి, మళ్లీ వచ్చి మిగిలిన గీతలు పూరిస్తుంది. ప్రోగ్రెసివ్ అయితే పైనుంచి కిందిదాకా వరుసగా గీస్తుంది. అది అందుకోగలిగిన టీవీ ఇంట్లో లేకపోతే ఆ ప్లేయరు కొన్నా బొమ్మ మారదు. ఇది తెలిసిన మర్నాడే, ఖరీదైనదే కావాలని వచ్చిన ఒక కాంట్రాక్టరును ఇంట్లో ఏ టీవీ ఉందో అడిగి, మామూలు ప్లేయరు ఇచ్చి పంపింది. బొమ్మకు పైనా కిందా నల్లపట్టీలు వస్తున్నాయని, మిషను సినిమాను కోసేస్తోందని ఒకామె కోపంగా వచ్చినప్పుడు, రాజేశ్వరమ్మ ఒక పొడుగాటి శుభలేఖను ఆమె చేతికిచ్చి, దాన్ని మడవకుండా చదరపు స్వీటు డబ్బాలో పెట్టి చూపించమంది. శుభలేఖ ఐమూలగా తప్ప పట్టలేదు. నిలువుగా అడ్డంగా చూసి, దాన్ని చిన్నది చేస్తే తప్ప కుదరదని ఆమే అంది. సినిమా వెడల్పు వేరు, తన టీవీ వెడల్పు వేరు అని అర్థమై, సినిమాను ఎవరూ కోయలేదని నవ్వుకుంటూ వెళ్లింది.

అన్నిటికంటే ఎక్కువ కాలం ఆవిడను పట్టుకున్న మాట ‘శాంప్లింగ్’. శబ్దాన్ని మిషను అంకెలుగా ఎలా దాచుకుంటుందన్నది ప్రశ్న. చుక్కల ముగ్గుతో ఆవిడే సగం దారి వచ్చింది. ముగ్గు మొత్తం గుర్తుపెట్టుకోనక్కరలేదు, చుక్కలు ఎక్కడున్నాయో గుర్తుంటే గీత మళ్లీ గీసుకోవచ్చు. మిషను కూడా శబ్దం మీద క్షణానికి వేలకొద్దీ చుక్కలు పెట్టుకుంటుంది. ఇంతవరకు నేనూ సంతోషించాను. ఆవిడ మాత్రం ఆగలేదు. చుక్కకూ చుక్కకూ మధ్యలో గీత ఎట్ల వంకర తిరిగిందో మిషనుకు ఎట్ల తెలుస్తుందని అడిగేది. ఆ ప్రశ్నను ఆరునెలలు మోసింది. చివరికి టీవీ కొనడానికి వచ్చిన ఒక ఇంజనీరింగు కాలేజీ లెక్చరరును అడిగితే, ఆయన టీవీ సంగతి మరిచి కుర్చీ లాక్కున్నాడు. మన చెవి వినగల అతి సన్నని శబ్దం ఎంత వేగంగా వణుకుతుందో, దానికి రెండింతలకు మించి చుక్కలు పెడితే, ఆ చుక్కలగుండా పోయే గీత ఒక్కటే ఉంటుందని, ఇంకోటి గీయడం కుదరదని కాగితం మీద గీసి చూపించాడు. రాజేశ్వరమ్మ ఆ రోజంతా ఎవరు వచ్చినా అదే చెప్పింది. పాత్రల అంగట్లో ఉన్న భర్తకు కూడా వెళ్లి చెప్పి వచ్చింది. ఆయన తూకం వేస్తూనే విన్నాడు.

మరుసటి ఏడు వేసవిలో పుల్లంపేటనుంచి నరసింహులు అనే అతను వచ్చాడు. నేతపని వాళ్లు. రెండు నెలల కిందట మా దగ్గరే ఐదు స్పీకర్లు, ఒక ఊఫరూ ఉన్న హోం థియేటరు తీసుకుపోయాడు. ఇప్పుడు వాళ్ల నాయనకు చెవులు పోయాయని, ఆయన ఒక్కడికే వినబడేలా తగిలించే హెడ్‌ఫోను ఏదైనా ఉందా అని అడిగాడు. నాయన ఓబులేసు యాభై ఏళ్లుగా మగ్గం నేస్తున్నాడు. ఆ చప్పుడుకు చెవులు దెబ్బతిన్నాయని ఇంట్లో అందరూ నిశ్చయించుకున్నారు. సినిమా పెడితే మాటలు రావడం లేదంటాడట. ఎంత పెంచినా అదే మాట. ఇప్పుడు అందరితో కూర్చోవడమే మానేశాడని, అన్నం కూడా మగ్గం గదికే తెప్పించుకుంటున్నాడని చెప్పాడు.

“నువ్వు మాట్లాడితే పలుకుతాడా?” అని రాజేశ్వరమ్మ అడిగింది.

కొంచెం గట్టిగా అంటే పలుకుతాడన్నాడు నరసింహులు.

ఆవిడ అద్దాలు పైకి తోసుకుంది. “మనిషి మాట వినపడి, డిస్కులో మాట వినపడకపోవడమేంది? హెడ్‌ఫోను తర్వాత చూద్దాం లేప్పా. రేపు మీ ఇంటికి వస్తాం.”

మర్నాడు బస్సులో నన్నూ తీసుకుపోయింది. ఓబులేసు రానని మగ్గం గదిలోనే ఉండిపోయాడు. ఆవిడే వెళ్లి, కాళ్లు దించి నేసే మగ్గం గుంట అంచున చతికిలబడి, నాకు నీ సాయం కావాలన్నా అని పిలుచుకువచ్చింది. నరసింహులు డిస్కు పెట్టాడు. పాట వచ్చినప్పుడు ఇల్లదిరింది. తర్వాత అన్నాచెల్లెళ్లు మాట్లాడుకునే ఘట్టం. ఇంట్లోవాళ్లకు కథ తెలుసు కాబట్టి వాళ్లకేమీ లోటు కనబడలేదు. రాజేశ్వరమ్మ కళ్లు మూసుకుని వింది. నేనూ మూసుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు, మనుషులు మాట్లాడుతున్నది చాలా దూరంనుంచి వస్తోంది.

“అన్నా, నీకేం వినపడతాండాదో చెప్పు,” అంది ఆవిడ.

ఓబులేసు ముందు కొడుకు వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “గజ్జెలు వినపడతాండాయి. గాలి వినపడతాండాది. మనుషులే గోడ అవతల మాట్లాడినట్టుండాది.”

“నాకూ అట్లే ఉండాది,” అంది రాజేశ్వరమ్మ.

సరౌండ్ సౌండంటే ఇట్లే ఉంటుందేమో అనుకున్నామని నరసింహులు గొణిగాడు. ఆవిడ స్పీకర్లు లెక్కపెట్టింది. నాలుగే కనబడ్డాయి. టీవీ గూట్లో ఉండటంతో మధ్యలో పెట్టాల్సిన ఐదోదానికి చోటు లేక అటక మీద పెట్టారట. ఐదు చానళ్ల డిస్కులో మనుషుల మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకే పోతాయని మేమిద్దరం పుస్తకంలో చదివి ఉన్నాం. చదివినది ఒక మనిషి బతుకులో ఇలా ఎదురవుతుందని నేను అనుకోలేదు. ఆవిడ రిమోటు నాకిచ్చి సెట్టింగులు తెరవమంది. అందులో స్పీకర్ల వరసలో సెంటర్ ‘ఉంది’ అని ఉంది. మిషను తన లెక్కలో మాటలన్నీ అక్కడికి పంపుతూనే ఉంది, అక్కడ స్పీకరు లేదు. ‘లేదు’ అని మార్చాను. అలా మారిస్తే మధ్య మాటలను కుడి ఎడమలకు పంచి ఇస్తుంది.

ఘట్టం మళ్లీ మొదటినుంచి పెట్టాం. చెల్లెలు అన్నను అన్నం తిన్నావా అని అడిగింది. గదిలో అందరికీ స్పష్టంగా వినబడింది. గోడకు ఆనుకుని ఉన్న ఓబులేసు ముందుకు వంగాడు. చాలాసేపు అలాగే విన్నాడు. కొన్ని మాటలు అప్పటికీ జారిపోతున్నాయని ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది. సినిమా ఆపాక కొడుకుతో అన్నాడు.

“నాకు సగమే పోయిండాది నాయనా. మీరు అంతా పోయిందనుకున్నారు. మీరనేసరికి నేనూ అట్లే అనుకుంటిని.”

నరసింహులు లోపలికి వెళ్లి తండ్రికీ తనకూ కలిపి రెండు పళ్లేలు తెచ్చాడు. మమ్మల్నీ తినకుండా కదలనివ్వలేదు.

తిరుగు బస్సులో నేను ఆ మార్పు గురించే ఆలోచిస్తుంటే, రాజేశ్వరమ్మ అప్పటికే ఇంకో ప్రశ్నలో ఉంది. ఆయనకు నిజంగా ఎంత పోయిందో కొలిచేదెట్లా, దానికీ ఒక మిషను ఉంటుంది కదా, దాని మీద కూడా మాటలుంటాయి కదా అంది. కనుక్కుని చెప్పమని ఆ పని నాకు అప్పగించింది. కనుక్కున్నాను. చెవుల పరీక్షకు ప్రత్యేకంగా చదువు ఉందని తెలిసింది. ఆవిడకు చెబితే, “అయితే పోయి చదువుకో. నీకు పెట్టెల కంటే మనుషుల చెవుల మీదే ధ్యాస ఎక్కువుండాది,” అంది. మా ఆయనను ఒప్పించే పని కూడా ఆవిడే చేసింది. నేను చదువు ముగించేసరికి మా ఆయన ఉద్యోగం మారి కర్నూలు చేరాం. ఇక్కడే ఒక చెవి డాక్టరు దగ్గర పరీక్షలు చేసే పనిలో కుదిరాను. రాజంపేటలో డిస్కుల కాలం ముగిసింది. ఆ గదిలోకి మళ్లీ స్టీలు సామాను వచ్చిందని విన్నాను.

కొన్నేళ్ల కిందట రాజేశ్వరమ్మనే ఆమె కొడుకు నా దగ్గరికి తీసుకొచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చెప్పింది రెండోసారి అనిపించుకుంటోంది. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాను. అయ్యాక, అందరికీ చేసినట్టే, నా ముందున్న తెర చూసి పక్కనున్న కొడుక్కి వివరించబోయాను.

“పాపా, ఆ తెర ఇట్ల తిప్పు,” అంది ఆవిడ. “చెవి నాది గదా.”

తిప్పాను. ఆవిడ వినికిడిని చూపే గీత ఎడమవైపు బాగానే ఉండి, కుడివైపుకు పోయేకొద్దీ కిందికి జారింది. అక్కడ ఎందుకు జారిందని అడిగింది. కుడివైపున ఉండేవి సన్నని శబ్దాలని, స, శ, ఫ లాంటివి అక్కడ ఉంటాయని చెప్పాను. అందుకే మనుషులు మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. ఆవిడ మొహం విప్పారింది. కోడలు సొరకాయ అంటే తాను కొరకాయ అని విన్నానని, ఆ కూరగాయ ఏదా అని రోజంతా ఆలోచించానని నవ్వింది. తర్వాత తెర మీద, శబ్దాన్ని కొలిచే డెసిబెల్ అన్న మాట దగ్గర వేలు పెట్టింది. నేను చదువుకున్న నిర్వచనం అప్పజెప్పాను.

“అది పుస్తకంలోది. నీకేం అర్థమైందో చెప్పు.”

అప్పుడు నేను ఆగి ఆలోచించాల్సి వచ్చింది. బయట ఇంకా మనుషులు వేచి ఉన్నారు. కొడుకు గడియారం చూసుకుంటున్నాడు. నేను తడుముకుంటూ, ఉదాహరణలు మార్చుకుంటూ చెబుతుంటే, ఆవిడ అద్దాల పైనుంచి నన్నే చూస్తూ, అర్థమైన చోట తలూపుతూ, కాని చోట చెయ్యెత్తి ఆపుతూ కూర్చుంది. పూర్తిగా తెలిశాకే లేచింది.

ఆ తెరను నేను మళ్లీ నావైపు తిప్పుకోలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు తమ చెవుల గీతను ముందు తామే చూస్తారు. వెంట వచ్చిన పిల్లలు వెనక కుర్చీల్లో కూర్చుంటారు. చాలామంది ఆ గీతను వేలితో తాకి చూస్తారు. కొందరు ఏదో అడగబోయి, అడగవచ్చో లేదోనని ఆగుతారు. అడగమంటాను. నాకు తెలియనిదైతే తెలియదని చెప్పి, వాళ్ల ఫోను నంబరు రాసుకుంటాను.