తాళానికి పెట్టిన బొట్టు

నా చేతిలో భక్షం, అదే బొబ్బట్టు, చిరగదని రాయచూరులో మా పేట పేటంతా నమ్మింది. ఆ నమ్మకమే నా కొంప ముంచింది. నామకరణమైనా, నిశ్చితార్థమైనా నాకు బొట్టు పెట్టి పిలవడం, వెళ్లగానే పెనం దగ్గర కూర్చోబెట్టడం. అవన్నీ ఆదివారాలే. మా ఆయన సింధనూరు బస్సు డ్రైవరు. ఆయనకు సెలవూ ఆదివారమే. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మధ్యాహ్నం అన్నం తిని ఎన్నాళ్లయిందో!

మొన్న శ్రావణంలో ఇక చాలనుకున్నాను. రానని చెప్పే నోరు లేదు కనుక ఒక ఉపాయం పన్నాను. ఆ ఆదివారం ఆయన ముందు తలుపుకు బయట తాళం వేసి, పెరటి దారిన లోపలికి వచ్చారు. మిక్సీ వెయ్యలేదు. వాసన వీధిలోకి పోతుందని పప్పుకు పోపు కూడా పెట్టలేదు. గుసగుసలాడుకుంటూ ఆ చప్పిడి పప్పే తిన్నాం. ఆయనకు నవ్వొచ్చింది, నాకు ఏడుపొచ్చింది.

"గిదేంది, మనింట్ల మనమే ఖైదీలమైతిమి," అన్నారు.

అంతలో వాకిట్లో గాజుల చప్పుడు, వెనక వీధి ఆవిడ గొంతు. ఎవరినో తోడు తెచ్చుకున్నట్టుంది. "ఇంట్ల లేరు. తాళానికే పెట్టి పోదాం పా. వచ్చే ఐతారం ఆమె లేకుంటే భక్షాలెవరు చేస్తరు?"

సాయంత్రం చూస్తే తాళం మీద ఎర్రగా కుంకుమ. తడిగుడ్డ తెచ్చాను. ముత్తైదువను, కుంకుమ ఎలా తుడవను? గుడ్డ తిరిగి లోపల పెట్టేశాను. పిలుపు అందినట్టే.

ఆ పై ఆదివారం వెళ్లాను. ఆవిడ పెనం దగ్గర పీట చూపించగానే, దారిలో కూడబలుక్కున్న మాట అనేశాను. "తాంబూలం తీస్కొని పోత వదినా. ఇయ్యాల ఇంట్ల ఆయనతోని కలిసి తినాలె."

ఆవిడ మొహం మాడ్చుకుని పీటను ఇంకొకామె వైపు జరిపింది. ఆమె ఒత్తిన మొదటి భక్షం చిరగలేదు. నాకు కొంచెం ఉక్రోషం కలిగింది, అబద్ధమెందుకు.

దాదాపు పరుగున ఇంటికొచ్చాను. ముందు తలుపుకు తాళం. పెరట్లోకి వెళ్లి చూశాను, అక్కడా తాళమే. ఫోన్ చేస్తే అవతల బస్టాండు గోల.

"నువ్వు పొద్దుగూకేదాంక రావనుకుంటి. సిరవార పోయే బస్సుకు డ్రైవరు లేడంటే డ్యూటీకి వచ్చిన," అన్నారు.

అరుగు మీద కూలబడ్డాను. "వచ్చే ఐతారం ఎవరు పిలిచినా పోవద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.



"గా ఐతారం డ్యూటీ గూడ ఒప్పుకుంటినే," అన్నారాయన.