డ్రైవర్ బాబాయి మైకు

కరెంటాయనకి చేతులూ ఊరుకోవు, నోరూ ఊరుకోదు. వారమంతా ఇళ్లలో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తాడు. ఆదివారం చర్చిలో వెనక బల్ల దగ్గర కూర్చుని పాటలు పాడే క్వైరు మైకుల మిక్సరు నడుపుతాడు. ఎవరి గొంతు పెరగాలో, ఎవరిది తగ్గాలో ఆయన వేలి కిందే ఉంటుంది. అంత పెత్తనం చేతికొస్తే ఎవరికైనా కాస్త కొమ్ములు మొలుస్తాయి. ఆయనకీ మొలిచాయి.

ఆ క్వైరులో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. అందరికీ బాబాయే. భక్తికి లోటు లేదు పాపం, శ్రుతితోనే పేచీ. పాట ఒక వీధిలో పోతుంటే ఆయన గొంతు పక్క వీధిలో పోతుంది. ఓ ఆదివారం క్వైరు నడిపే పాస్టరమ్మగారు కరెంటాయన చెవిలో, "బాబాయిగారి మైకు కాస్త తగ్గించు బాబూ" అంది. కాస్తా? ఈ మహానుభావుడు ఏకంగా సున్నాకి దించేశాడు. మళ్లీ ఎత్తితే ఒట్టు! బాబాయి కళ్లు మూసుకుని, మెడనరాలు పొంగేలా పాడుతుంటే, "బండి ఇంకా షెడ్డులోనే ఉంది" అని పక్కవాళ్లతో జోకులేసేవాడు. ఏళ్లు అలాగే గడిచాయి.

ఒకరోజు బాబాయి ఇంట్లో ఫ్యాను ఆగిపోయిందంటే వెళ్లాడు. పిన్ని తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. చర్చికి రాలేక ఆరాధన ఫోన్లో లైవు వింటోంది. స్టూలెక్కిన కరెంటాయనని ఆవిడే పలకరించింది.

"ఒరే అబ్బాయ్, ఈ ఫోను కూడా చూడరా. అందరి గొంతులూ వస్తాయి, మీ బాబాయిది రాదు. చర్చిలో ముందు వరసలో కూర్చున్నప్పుడు చక్కగా వినపడేది. లేక నాకే చెవుడొస్తోందంటావా?"

"నీ చెవులకేం కాలేదే" అన్నాడు గుమ్మంలోంచి బాబాయి. "నా గొంతే చాల్లేదు. ఈసారి ఇంకా గట్టిగా పాడతాలే."

"మంచాన పడ్డాక నాకు మిగిలింది ఆ పాటలు వినే కాస్తేపేరా" అంది పిన్ని. " అందులో ఈయన గొంతు కోసం వెతుక్కుంటాను. దొరకదు."

తేలు కుట్టిన దొంగలా కరెంటాయన ఫ్యాను రెక్కలు బిగించాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాడు. నిజం చెప్పేద్దామనుకున్నాడు గానీ, పెళ్లాం ముందు పెద్దాయన చిన్నబోతాడని ఊరుకున్నాడు. అది సాకు. అసలు సంగతి భయం.

ఆదివారం పాట మొదలవగానే బాబాయి మైకు పైదాకా ఎత్తేశాడు. హాలంతా ఆ గొంతే! ముందు వరసల్లో తలలు కదిలాయి. పడుచుపిల్లలు కిసుక్కుమన్నారు. బాబాయి కళ్లు తెరిచాడు. స్పీకర్లోంచి తన గొంతు అంత స్పష్టంగా తనకు వినపడటం అదే మొదటిసారి. చరణం మధ్యలో ఆగిపోయాడు. మైకు స్టాండుకి తగిలించి, దిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఫోన్లోకి వెళ్లే లైను వేరు, హాలు స్పీకర్ల లైను వేరు. ఫోను లైను ఒక్కటీ ఎత్తి ఉంటే పిన్ని వినేది, ఆయన మొహం మీద ఎవరూ నవ్వేవారు కాదు. రోజూ ఆ తీగలతోనే బతికే మనిషికి ఆ ముక్క అప్పుడు తట్టలేదు. తట్టేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

జనం వెళ్లాక కరెంటాయన ఆయన దగ్గరికెళ్లాడు. బాబాయి తలెత్తలేదు.

"ఎన్నాళ్లనించిరా?"

"ఏళ్లనించీ, బాబాయ్."

"పాస్టరమ్మగారు ఆపమన్నారా?"

"తగ్గించమన్నారు. ఆపింది నేనే."

బాబాయి పాటల పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. తిట్టినా బావుండేది. అంతలో ఆయన ఫోను మోగింది. ఎత్తగానే పిన్ని గొంతు బయటికే వినపడింది.

"ఏమండీ, విన్నానండీ! మీ గొంతే! నా చెవులు బంగారంలా ఉన్నాయి. మధ్యలో ఆపేశారేం? వచ్చే వారం పాట మొత్తం పాడండి, ఏం?"

బాబాయి ఫోనుని గుండెకి అదిమిపట్టి, కరెంటాయన వైపు చూశాడు.

"ఏం చెప్పమంటావురా?"