డొల్ల ఛాతీ, నులక మంచం

ఆ రోజు నాది మొదటి షిఫ్టు. నస్పూర్ దగ్గర మా బొగ్గుబాయి లాంప్ రూమ్ కిటికీలో చేయి పెట్టి దీపం అందుకున్నాను. దీపం టకటకమని కిటికీ చెక్కకు కొట్టుకుంటోంది. ఎవరు కొడుతున్నారా అని చూస్తే నా చెయ్యే. బయట ఎండలు మండిపోతున్నాయి. లోపలున్న గుమస్తా నన్ను కిందికీ మీదికీ చూసి, "గీ ఎండల సలి పెడుతుందా పోచన్నా?" అన్నాడు. అవునన్నాను. అంతకంటే మంచి అబద్ధం ఆ సమయానికి తట్టలేదు. దీపం తిరిగి ఇచ్చేసి ఇంటికి వచ్చేశాను.

నాది టింబర్‌మన్ పని. అంటే బాయిలో పైబండ కింద దుంగలు నిలబెట్టడం. నిలబెట్టే ముందు గడ్డపారతో బండను కొట్టి చూడాలి. గట్టి బండ ఖంగుమంటుంది. ఊడిపడే బండ డబడబమని డొల్లగా మోగుతుంది. ఆ చప్పుడును నమ్ముకునే మేము అన్నేళ్లు బాయిలోకి దిగాం. ఈ వణుకు రావడానికి మూడు వారాల ముందు, నేను కొట్టి చూసి "ఠీక్ ఉన్నది" అన్న చోటే బండ పడింది. నాతో జోడీగా పనిచేసే లింగన్న కాలు విరిగింది. నాకు గోరు కూడా ఊడలేదు. సెలవు పెట్టి, మళ్లీ పనిలోకి వెళ్లిన మొదటి రోజే చేయి ఇలా మొదలుపెట్టింది.

లింగన్న ఇల్లు మా వరుసలోనే, మూడిళ్ల అవతల. కాలికి ప్లాస్టర్ వేసుకుని వాకిట్లో మంచం మీద పడుకుని ఉండేవాడు. నేను ఆ దారిన పోవడం మానేసి, బర్రెల మంద చుట్టూ తిరిగి బజారుకు పోయేవాణ్ని. బర్రెలకు బాగా అలవాటైపోయాను. లింగన్నకు మాత్రం ముఖం చూపించలేదు.

వణుకు వెనకాలే గుండెదడ వచ్చింది. ఆకలి పోయింది. ఆ తర్వాత కనిపించిన ప్రతిదాన్నీ కొట్టి చూసే జబ్బు పట్టుకుంది. గోడ, తలుపు, కుండ, ఏదీ వదల్లేదు. ఎవరింటికి పోయినా ముందు కట్టెతో పైకప్పు కొట్టి, చప్పుడు విని, అప్పుడు కూర్చునేవాణ్ని. ఇచ్చోడలో మా మేనత్త ఇంటికి పోయినప్పుడు అన్నం పెట్టేలోగా రెండు పెంకులు పగలగొట్టాను. నా భార్య రాజవ్వ నెత్తి కొట్టుకుంది.

"పెంకుటిల్లు డొల్లగనే మోగుతదయ్యా! బొగ్గుబాయిల కాపురం పెడదామా ఏంది?"

ఈ జబ్బు వల్ల బాగుపడింది మా వాడకట్టు ఆడవాళ్లే. పుచ్చకాయలు తెచ్చి, "పోచన్నా, జర కొట్టి చూడే" అని నా ముందు పెట్టేవారు. ఆ ఎండాకాలం మా వాడలో ఒక్క పచ్చికాయ కూడా కోయలేదు.

డిస్పెన్సరీలో చూపించుకున్నాను. బి.పి. చూశారు, ఎక్స్‌రే తీశారు, రక్తం పరీక్ష చేశారు. "అన్నీ నార్మల్" అని ఒక టానిక్ సీసా ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది. వణికే చేతిని డాక్టరు ముక్కు ముందు పెట్టి, "గిది గూడ నార్మలేనా సార్?" అన్నాను. సీసా మొత్తం తాగాను. సీసా ఖాళీ అయింది, చేయి వణుకు మాత్రం అలాగే ఉంది.

చివరికి రాజవ్వ నన్ను బస్సెక్కించి, కరీంనగర్ వైపున్న ఒక మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు సారు నిదానస్తుడు. చొక్కా విప్పించి, నా ఛాతీ మీద ఒక వేలు ఆనించి, ఇంకో వేలితో దాని మీద కొట్టాడు. డబ్. ఇంకో పక్క కొట్టాడు. డబ్. వీపు మీదా అదే చప్పుడు.

డొల్ల! అంతా డొల్లే! ఇన్నాళ్లూ ఇల్లు, కుండ, పుచ్చకాయ కొట్టి చూశాను గానీ నన్ను నేను కొట్టి చూసుకోలేదు. బల్ల మీంచి దిగి రాజవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"రాజీ, నా పని అయిపోయింది. లోపలంత ఊడింది. బర్రెను మాత్రం మీ తమ్మునికియ్యకు."

డాక్టరు సారు స్టెతస్కోప్ చెవిలోంచి తీసి, "ఏమైంది?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. తర్వాత, "లంగ్స్‌ల గాలి ఉంటది. డొల్లగ మోగితేనే మంచిది. మోగకపోతే అప్పుడు ఫికర్ చెయ్యాలె" అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మితే టింబర్‌మన్‌ని ఎలా అవుతాను? అప్పుడాయన తెల్లకోటు గుండీలు విప్పి, "కొట్టి చూడు" అన్నాడు. కొట్టాను. డబ్.

"సార్, మీది గూడ పడేటట్టే ఉన్నది" అన్నాను.

ఈసారి కిటికీ వైపు తిరిగే వ్యవధి కూడా ఆయనకు దొరకలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "నీ ఒంట్ల రోగం లేదు. నర్వ్స్ దెబ్బతిన్నయ్. దీన్ని యాంగ్జయిటీ అంటరు. రెండు వారాలు అడ్మిట్ అవ్వు. రోజు ఒక టాబ్లెట్ ఇస్త. కడమ మందు సామెలు దగ్గరున్నది" అన్నాడు.

సామెలు తాత కాంపౌండర్ అనుకున్నాను. కాదు. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో కుంగిపోయిన మంచాలు అల్లే ముసలాయన. పొద్దున బైబిల్ చదువుకుని, తర్వాత దినమంతా నులక పట్టుకుని కూర్చునేవాడు. నాకు మహా అవమానమనిపించింది. రోగమని వస్తే పని చెబుతారా? రాజవ్వ మాత్రం సంతోషపడింది. "మంచిగయింది. ఇంట్ల మంచం ఆర్నెల్ల సంది కుంగి ఉన్నది. నేర్సుకో" అని, ఇంట్లో బర్రె ఉందంటూ బస్సెక్కి పోయింది.

నులక మంచం ఒక్కడు అల్లేది కాదు. ఒకరు ఈ పట్టె దగ్గర, ఒకరు ఆ పట్టె దగ్గర కూర్చోవాలి. అవతలివాళ్లు తోసిన కొసను మనం అందుకుని బిగించి మళ్లీ తోయాలి. చూపు నులక మీంచి తీస్తే వరుస తప్పుతుంది. సామెలు తాత నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. "గుంజు", "ఇడువు", ఈ రెండే ఆయన మాటలు.

మొదటి మంచం నా పద్ధతిలో అల్లాను. ఎక్కడా కుంగకూడదని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. అయిపోయాక నిలబెడితే మంచం కోళ్లు మూడు నేల మీద, నాలుగోది గాలిలో. తాత దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "గిది మంచం బిడ్డా, బాయి కప్పు గాదు. జర కుంగాలె. కుంగకపోతే దీని మీద మనిషెట్ల పండుకుంటడు?" అన్నాడు. మొత్తం విప్పించాడు.

ఐదో రోజో ఆరో రోజో, రెండో మంచం సగంలో ఉండగా నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "తాతా, మా లింగన్న కాలు ఇరిగిన దినం నేను కొట్టినప్పుడు బండ ఖంగుమనలే. అట్లని డొల్లగ గూడ మోగలే. అనుమానమైంది. ఇంకొక్క బొగ్గు టబ్బు నిండితే ఇంటికి పోవచ్చని ఠీక్ ఉన్నదన్న." డాక్టరుకు, భార్యకు, దేవుడికి చెప్పని మాట. తాత తల ఎత్తలేదు. "గా కొస జర గుంజు" అన్నాడు. గుంజాను. ఇంకో నాలుగు వరుసలయ్యాక, "నాకు చెప్తే ఏం ఫాయిదా? నా కాలు మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఆ మాట అర్థం కానట్టు నటించి, రెండు వారాలయ్యాక డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాను. ఆకలి తిరిగొచ్చింది. పైకప్పులు కొట్టడం తగ్గింది. డ్యూటీకి పోయి లాంప్ రూమ్ కిటికీలో చేయి పెట్టాను. టకటక. మళ్లీ ఇంటికి.

రాజవ్వ ఈసారి నెత్తి కొట్టుకోలేదు. ఒక నులక చుట్ట తెచ్చి నా ఒళ్లో పడేసింది. "లింగన్న మంచం కిందికెళ్లి కోడిపిల్ల గూడ దూరకుండ కుంగింది. పోయి అల్లిరా. బర్రెల దిక్కుకెళ్లి కాదు, సక్కగ పో."

పోయాను. లింగన్న నన్ను చూశాడు, నా చేతిలో నులక చూశాడు, మంచం దిగి పీట మీద కూర్చున్నాడు. పాత నులక కోసేసి, కొత్తది అల్లడం మొదలుపెట్టాం. కాలు చాపుకుని ఆయన ఆ పక్క, నేను ఈ పక్క. సగం మంచం అయింది. అప్పుడు చెప్పాను. అనుమానం వచ్చిన సంగతీ, ఇంకొక్క టబ్బు సంగతీ. నులకనే చూస్తూ చెప్పాను.

లింగన్న కొస అందుకున్నాడు, బిగించాడు, తోశాడు.

"నాకు చెవులు లెవ్వానే పోచిగా? నేను గూడ విన్న. నాకు గూడ ఇంటికి పోవాలనే ఉండె. నోరు మూసుకున్న. నువ్వు బర్రెల మంద చుట్టు తిరిగిపోతుంటే, నా మీద కోపంతోటి మొఖం చూస్తలేడనుకున్న. రోజు పరేషాన్ అయిన."

ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు. ఇద్దరమూ నులకనే చూస్తూ ఏడ్చాం. చూశామన్న మాటే గానీ ఏం కనిపించిందో తెలియదు. అక్కడ రెండు వరుసలు పూర్తిగా తప్పాయి.

ఇప్పుడు నేను మళ్లీ బాయిలో టింబర్‌మన్‌నే. రవ్వంత అనుమానం వచ్చినా "డొల్ల!" అని అరిచి పని ఆపేస్తాను. పైవాళ్లు తిడతారు. తిట్టనీ. లింగన్నకు కుంటు మిగిలింది కాబట్టి లాంప్ రూమ్‌లో పని ఇచ్చారు. రోజూ దీపం ఇచ్చే ముందు, "చెయ్యి చూపెట్టు" అంటాడు. చూపిస్తాను. అప్పుడప్పుడు కొంచెం వణుకుతుంది. వణికిన రోజు సాయంత్రం ఇద్దరం ఎవరిదో ఒక మంచం ముందేసుకుంటాం. మా వాడలో ఇప్పుడు కుంగిన మంచం దొరకడం కష్టంగా ఉంది.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో మగమనిషి మాట మానేసి కూర్చుంటే, డాక్టరుకు చూపించండి, మందులు మింగించండి. కానీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏమైందని గుచ్చి గుచ్చి అడగకండి. నులక రెండో కొస ఆయన చేతికివ్వండి. ఆయన నోరు తెరిచినప్పుడు మీరు తల ఎత్తకండి. వరుస తప్పితే తప్పనివ్వండి.

లింగన్న మంచంలో ఆ తప్పిన వరుసలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. విప్పి సరిచేస్తానని ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోడు. "గది మనం మాట్లాడిన జాగ. ముట్టకు" అంటాడు.